ఐసు కింద రాయిని వినాలంటే: పేల్చాలా, ఊపాలా, భూకంపాల కోసం కాచుకోవాలా

అంటార్కిటికా మీద పని చేద్దామనుకునే జియోఫిజిక్స్ పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, ఐసు కింద క్రస్ట్, అంటే భూమి పై రాతి పొర, చూడాలంటే యాక్టివ్ సీస్మిక్ (మనమే పేల్చో ఊపో అలలు పుట్టించడం) మంచిదా పాసివ్ (భూకంపాల అలల కోసం కాచుకోవడం) మంచిదా అని. అలా అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరండి, ఎందుకంటే "క్రస్ట్ చూడాలి" అన్న మాటలోనే మూడు వేరువేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఐసు అడుగు ఎక్కడుంది, అక్కడ ఉన్నది రాయా బురదా నీళ్ళా అనేది ఒక పని. ఆ అడుగు కింద ఒకటి రెండు కిలోమీటర్ల దాకా సెడిమెంట్ (మట్టి, ఇసక లాంటి మేట) ఎంత పేరుకుంది అనేది రెండోది. క్రస్ట్ మొత్తం మందం ఎంత, మోహో, అంటే క్రస్ట్ కి దాని కింద మాంటిల్ అనే పొరకి మధ్య సరిహద్దు, ఎంత లోతులో ఉంది అనేది మూడోది. మొదటిదానికి పెట్టే సెటప్ తో మూడోది అస్సలు రాదు, మూడోదానికి పెట్టే స్టేషన్లతో రెండోది అరకొరగా వస్తుంది. నేను చూసిన ప్రపోజల్స్ లో ఎక్కువ తప్పు ఇక్కడే జరుగుతుంది, ముందు ఇన్‌స్ట్రుమెంట్ అనుకుంటారు, తర్వాత దానికి తగ్గ ప్రశ్న వెతుక్కుంటారు.

నేనైతే ఏ మెథడ్ గురించైనా ముందు ఒక్కటే చూస్తాను, పైనున్న ఐసు ఆ అలని ఏం చేస్తుంది అని. మిగతా ఖర్చులు, పర్మిషన్లు, విమానాలు అన్నీ తర్వాత.

ఐస్ షీట్ పైన మనం కాలు పెట్టేది అసలు ఐసు కాదు, గట్టిపడుతూ ఉన్న మంచు, దాన్ని ఫర్న్ అంటారు, బాగా చల్లని చోట్ల యాభై మీటర్ల నుంచి వంద దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. పైపైన పి వేవ్ (అన్నిటికంటే ముందు అందే అల) స్పీడు సెకనుకి కిలోమీటరు కూడా ఉండదు, కిందకి పోయేకొద్దీ పెరుగుతూ పెరుగుతూ అసలు ఐసులోకి వచ్చేసరికి 3,800 మీటర్లు దాటుతుంది. అలా మెల్లగా మారే పొర కాబట్టి పైన కొట్టిన దెబ్బలో చాలా భాగం అందులోనే వంగిపోయి మళ్ళీ పైకి వచ్చేస్తుంది, కిందకి దిగేది తక్కువ. ఐసు కింద గట్టి రాయి ఉంటే 5,500 నుంచి 6,000, క్రస్ట్ అడుగున 7,000 దగ్గర, మోహో దాటగానే 8,000. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, ఎంపిక అంతా వీటి మీదే తేలుతుంది.

ముందు పేలుడు సంగతి. ఇది ఈ రంగంలో అన్నిటికంటే పాత పద్ధతి, వెగెనర్ బృందం 1930-31లో గ్రీన్‌లాండ్ లో ఐసు మందం కొలిచింది ఇలాగే. అంటార్కిటికాలో 1949-52 నాటి నార్వే-బ్రిటన్-స్వీడన్ యాత్ర, తర్వాత 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో బండ్లు కట్టుకుని వందల కిలోమీటర్లు తిరిగిన టీములు, అందరూ గుంట తవ్వి, చార్జి దింపి, పేల్చి, ప్రతిధ్వని ఎంతసేపటికి వస్తుందో రాసుకున్నవాళ్ళే. పడమటి అంటార్కిటికాలో సముద్రమట్టానికి రెండున్నర కిలోమీటర్ల కింద ఉన్న బెంట్లీ లోయ బయటపడింది ఆ రోజుల్లోనే, సోవియట్ వాళ్ళకి 1958లో తూర్పున ఐసు కింద పూర్తిగా కప్పబడిపోయి ఉన్న గాంబుర్ట్‌సెవ్ పర్వతాలు తగిలింది కూడా సీస్మిక్, గ్రావిటీ కొలతలతోనే.

పేలుడులో గొప్పతనం ఏంటంటే ఎప్పుడు, ఎక్కడ కొట్టామో మనకి కచ్చితంగా తెలుసు, సిగ్నల్ పదునుగా ఉంటుంది. మూడు కిలోమీటర్ల ఐసు అనుకోండి, అల కిందకి దిగి అడుగున తగిలి పైకి రావడానికి సుమారు 1.56 సెకన్లు. అంతకంటే ముఖ్యం, వచ్చిన అల తిరగబడి వచ్చిందా నిటారుగా వచ్చిందా అని చూస్తే అడుగున ఏముందో తెలుస్తుంది. గట్టి రాయి అయితే అదే దిశలో వస్తుంది, నీళ్ళయితే తలకిందులై వస్తుంది, అదీ మామూలుగా కాదు, ఐసు నుంచి నీళ్ళలోకి పోయే చోట తగిలిన ఎత్తులో దాదాపు నలభై శాతం వెనక్కి వస్తుంది. రాడార్ తో కూడా అడుగు కనపడుతుంది గానీ నీళ్ళు తగిలితే రాడార్ అక్కడే ఆగిపోతుంది, నీళ్ళ లోతు ఎంత అంటే సీస్మిక్ మాత్రమే చెప్పాలి. తూర్పు అంటార్కిటికాలో ఐసు కింద ఉన్న వోస్తోక్ సరస్సు కథ అదే కదా. కపిత్సా అనే రష్యన్ 1964లో తీసిన రికార్డుల్లోనే నీళ్ళ అడుగు నుంచి వచ్చిన ప్రతిధ్వని ఉంది, అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదు, ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ తీసి చూస్తే అక్కడ నాలుగు కిలోమీటర్ల ఐసు కింద 500 మీటర్ల లోతు నీళ్ళున్నాయని తేలింది, 1996లో పేపర్ వచ్చింది. అందుకే రా డేటాని ఎప్పుడూ పారెయ్యకండి, మీకు అర్థం కాని గీత రేపు ఇంకొకళ్ళకి సరస్సు అవ్వచ్చు.

కష్టం ఎక్కడంటే చార్జిని ఫర్న్ పైన పెడితే పైన చెప్పినట్టు ఎనర్జీ వృథా, కాబట్టి పది ఇరవై మీటర్లయినా గుంట తవ్వాలి, వేడినీళ్ళ డ్రిల్లు పెట్టాలి, దానికి మంచు కరగబెట్టాలి, దానికి ఇంధనం మొయ్యాలి. పేలుడు పదార్థం విమానంలో ఎక్కించాలంటే ఆ రూల్సే వేరు. ఇంకా 1998 నుంచి అమల్లో ఉన్న మాడ్రిడ్ ప్రోటోకాల్ ప్రకారం అంటార్కిటికాలో ఏ పనికైనా ముందు పర్యావరణం మీద ప్రభావం ఎంతో అంచనా వేసి చూపించాలి, అది రాయడానికి కూడా మీ ప్లానులో నెలలు వేసుకోండి.

జియోఫోన్, అంటే నేల కదలికని పట్టే సెన్సర్, పెట్టడం గురించి ఒక మాట. ట్రైనీగా ఉన్నప్పుడు గోదావరి జిల్లాలో కోత అయిపోయిన వరిచేలల్లో మేం జియోఫోన్లు పాతేవాళ్ళం, మడమతో ఒక్క తొక్కు తొక్కితే స్పైకు మట్టిలోకి దిగి గట్టిగా పట్టుకునేది, వెంటనే షాటు కొట్టేవాళ్ళం. మంచులో ఆ స్పైకు పనిచెయ్యదు, పొడి మంచు ఇసకలాగా జారిపోతుంది. అరమీటరు గుంట తవ్వి, అడుగు చదును చేసి, పళ్ళెం లాంటి ప్లేటు మీద సెన్సర్ పెట్టి, మళ్ళీ మంచు కప్పి ఒక రాత్రి వదిలెయ్యాలి. ఆ రాత్రి మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి, పొద్దున్న చూస్తే గాలి నాయిస్ సగానికి సగం పోయి ఉంటుంది. ఈ ఒక్క రాత్రి ఆగడానికి షెడ్యూల్లో టైము పెట్టుకోని సర్వేలు ఎంతో కష్టపడి పేల్చి చెత్త డేటా తెచ్చుకుంటాయి.

పేలుడు వద్దనుకుంటే వైబ్రోసీస్ ఉంది, అంటే బరువైన ప్లేటుతో మంచుని కొన్ని సెకన్లపాటు తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి ఎక్కువకి ఊపడం. జర్మనీ వాళ్ళ ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ నాయ్‌మాయర్ స్టేషన్ వైపు దీన్ని బాగా నిలబెట్టింది, వైబ్రేటర్ వెనక ఒకటిన్నర కిలోమీటర్ల పొడవు, 60 చానెళ్ళ స్నోస్ట్రీమర్ ని (సెన్సర్లు బిగించిన కేబుల్) మంచు మీద ఈడ్చుకుంటూ పోతారు. గుంటలు లేవు, జియోఫోన్లు పాతడం లేదు, ఆగి ఊపి ముందుకి పోవడమే, అందుకే ఒకే సీజన్ లో పేలుడుతో కలలో కూడా అనుకోలేనంత పొడవు లైన్లు వస్తాయి. ఫర్న్ పైనుంచే ఊపుతున్నారు కాబట్టి ఎనర్జీ నష్టం ఉంది, దాన్ని ఒకే చోట మళ్ళీ మళ్ళీ ఊపి కలుపుకుంటారు. ఐసు అడుగు, దాని కింద సెడిమెంట్, తేలే ఐసు కింద సముద్రం లోతు, ఈ మూడింటికి ఇవాళ నేనైతే కళ్ళు మూసుకుని దీన్నే ఎంచుకుంటాను, కాకపోతే అంత బరువు మిషను దింపడానికి ఓడరేవు లాంటి చోటు, లాగడానికి ట్రాక్టర్లు ఉన్న దేశంతో కలిసి పనిచెయ్యాలి. చిన్న విమానం మాత్రమే దిగే చోటయితే ఈ ఆప్షన్ మర్చిపోండి.

ఇప్పుడు లోతుకి పోదాం. మోహో చూడాలంటే రిఫ్రాక్షన్ (కింది పొర వెంబడి పరుగెత్తి దూరంలో పైకి వచ్చే అలని పట్టడం) పెడితే చాలదా అని అడుగుతారు. పెట్టొచ్చు, మన దగ్గర 1970లలో కావలి నుంచి ఉడిపి దాకా 600 కిలోమీటర్ల లైను మీద హైదరాబాద్ జియోఫిజిక్స్ సంస్థ ఎన్‌జీఆర్ఐ చేసింది అదే జాతి పని, పేల్చుకుంటూ పోయి క్రస్ట్ మొత్తాన్ని దాటి చూశారు. ఐసు మీద జపాన్ వాళ్ళు స్యోవా స్టేషన్ వెనక మిజుహో పీఠభూమిలో 2000, 2002 సీజన్లలో చేశారు, ఒక్కో షాటుకి వందల కిలోల డైనమైట్. నలభై కిలోమీటర్ల క్రస్ట్ అయితే మోహో అల ముందుగా అందాలంటే షాటుకి దాదాపు 200 కిలోమీటర్ల దూరం దాకా సెన్సర్లు ఉండాలి. ఆ దారంతా సెన్సర్లు పరిచి, మళ్ళీ ఏరుకోవాలి. వచ్చే జవాబు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది, క్రస్ట్ లోపల పొరల స్పీడు కూడా తెలుస్తుంది, పాసివ్ లో అంత వివరం రాదు. ఒక్క లైను మీదే వస్తుంది, అదే చిక్కు.

రిఫ్రాక్షన్ లో ఐసు పెట్టే అసలు ఉచ్చు ఇంకోటుంది. రిఫ్రాక్షన్ పని చెయ్యాలంటే కింద పొర పైదానికంటే వేగంగా ఉండాలి. ఐసు 3,800 దాటి ఉంటే దాని కింద మెత్తని సెడిమెంట్ 2,000 నుంచి 3,500 మధ్య ఉంటుంది, అంటే ఐసు కంటే నెమ్మది. ఆ సెడిమెంట్ ఎంత మందం ఉన్నా దాని నుంచి రిఫ్రాక్షన్ అల అసలు రాదు, మీ గ్రాఫు మీద ఐసు కింద నేరుగా రాయి ఉన్నట్టే కనపడుతుంది, పైగా రాయి లోతు కూడా తప్పు వస్తుంది. మామూలు నేల మీద ట్రైనింగ్ అయిన వాళ్ళకి ఇది తట్టదు, ఎందుకంటే మన దగ్గర లోతుకి పోయేకొద్దీ స్పీడు పెరగడమే చూసి ఉంటారు. కాబట్టి సెడిమెంటే మీ ప్రశ్న అయితే రిఫ్రాక్షన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, రిఫ్లెక్షన్, అంటే పైన చెప్పిన ప్రతిధ్వని పద్ధతి, పక్కన ఉండి తీరాలి.

ఇక పాసివ్. సెన్సర్ పెట్టి వదిలేసి, ప్రపంచంలో ఎక్కడో వచ్చే భూకంపాల కోసం కాచుకోవడం. టోంగా, ఆండీస్, ఇండోనేషియా, సౌత్ శాండ్విచ్ దీవులు, చుట్టూ ఇవన్నీ ఉన్నాయి కాబట్టి అంటార్కిటికాకి భూకంపాల కరువు లేదు. రిసీవర్ ఫంక్షన్ అనే పద్ధతికి వాడేది 30 నుంచి 90 డిగ్రీల దూరంలో (భూగోళం మీద కోణంగా కొలిచి) వచ్చే పెద్దవి, మోహో దగ్గర పి అల కొంత ఎస్ అలగా, అంటే పి కంటే నెమ్మదిగా నడిచే అలగా మారి కొంచెం ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యమే క్రస్ట్ మందం. 25 కిలోమీటర్ల క్రస్ట్ కి దాదాపు 3 సెకన్లు, 40 కి దాదాపు 4.7.

ఇక్కడ కూడా ఐసు వదలదు. ఎండిపోయిన బావిలోకి వంగి పిలిస్తే మన గొంతే తిరిగి తిరిగి వినపడుతుందే, ఐసులో అల అలాగే కింద రాయికి పైన గాలికి మధ్య కొట్టుకుంటూ ఉంటుంది. మూడు కిలోమీటర్ల ఐసు అడుగు నుంచి మారిన అల 0.76 సెకన్లకి వస్తుంది, ఒకసారి పైకి కొట్టుకుని మళ్ళీ వచ్చింది 2.3 సెకన్లకి, తర్వాతది తిరగబడి 3.1 కి. నేను మొదట్లో ఒక పడమటి అంటార్కిటికా స్టేషన్ డేటా చేసినప్పుడు 2.3 దగ్గర ముత్యంలాంటి పీకు కనపడింది, లెక్కేస్తే 19-20 కిలోమీటర్ల మోహో వచ్చింది, అక్కడ రిఫ్ట్ ఉంది, సాగి పల్చబడ్డ క్రస్ట్, 20 నుంచి 30 కిలోమీటర్ల మధ్య ఉంటుందని అందరూ చెప్పేదే, కాబట్టి పూర్తిగా నమ్మి రాసేశాను. మా గైడు ఐసు మందం ఎంత అని ఒక్క ప్రశ్న అడిగారు. నాలుగు రోజుల పని ఐసు ప్రతిధ్వని అని తేలింది. అప్పటినుంచి ఏ స్టేషన్ అయినా ముందు దాని కింద ఐసు మందం, అంటార్కిటికా ఐసు అడుగు మ్యాపు అయిన బెడ్‌మ్యాప్ లో చూసి, ఈ మూడు టైములు కాగితం మీద రాసుకున్నాకే ట్రేసు తెరుస్తాను, మీరు కూడా అలా చెయ్యండి.

దీనికి విరుగుడు ఎస్ రిసీవర్ ఫంక్షన్. అందులో మోహో దగ్గర ఎస్ నుంచి పి గా మారిన అల అసలు ఎస్ కంటే ముందే వచ్చేస్తుంది, ఐసు ప్రతిధ్వనులన్నీ ఎస్ తర్వాత వస్తాయి, రెండూ కలవవు. రిజల్యూషన్ కొంచెం తక్కువ, మంచి భూకంపాలు కూడా తక్కువే దొరుకుతాయి. అయినా గాంబుర్ట్‌సెవ్ పర్వతాల కింద క్రస్ట్ 55 కిలోమీటర్ల పైనే ఉందని తేల్చింది ఈ పద్ధతే, అంత మందం హిమాలయాల లాంటి కుర్ర పర్వతాల కింద ఉండాల్సింది, అక్కడ ఎప్పటివో పాత పర్వతాల కింద ఉంది. ఆ స్టేషన్లు లేకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

పాసివ్ లో నాకు బాగా నచ్చేది ఇదే, మీరు అడగనిది కూడా దొరుకుతుంది. పోల్‌నెట్ ప్రాజెక్టు స్టేషన్లు పెట్టింది క్రస్ట్, మాంటిల్ చూడటానికి, 2010లో, 2011లో పడమటి అంటార్కిటికాలోని మేరీ బర్డ్ ల్యాండ్ కింద 25 నుంచి 40 కిలోమీటర్ల లోతులో చిన్న చిన్న భూకంపాలు గుంపులుగా నమోదయ్యాయి, ఐసు కింద బతికున్న అగ్నిపర్వతం ఉందని 2013లో బయటపడింది. పేలుడు సర్వేకి వెళ్ళినవాళ్ళు రెండు నెలల్లో వచ్చేస్తారు, వాళ్ళకి ఇది తగిలే ఛాన్సే లేదు. అదే స్టేషన్ల సర్ఫేస్ వేవ్స్ తో మాంటిల్ ఎంత వేడిగా ఉంది, ఎంత మెత్తగా ఉంది అనేది వస్తుంది. అమండ్‌సెన్ సముద్రం దగ్గర ఐసు కరిగి బరువు తగ్గేకొద్దీ నేల ఏడాదికి ఒక్కోచోట 41 మిల్లీమీటర్ల దాకా లేస్తోంది అంటే కింద మాంటిల్ మెత్తదనమే కారణం, ఆ లేవడం అక్కడి గ్లేసియర్లు వెనక్కి పోయే వేగాన్ని కొంత పట్టి ఆపొచ్చు కూడా. సముద్రమట్టం లెక్కలు కట్టేవాళ్ళకి ఇది ప్రాణం.

ఇందులో ఖర్చంతా ఓపికలో, బ్యాటరీల్లో ఉంది. ఎండాకాలం సోలార్ తో నడుస్తుంది, తర్వాత నెలల తరబడి చీకటి, లిథియం బ్యాటరీలు పెట్టి లోపల ఇన్సులేషన్ పెట్టెలో రికార్డర్ ని బతికించాలి. బ్యాటరీలకి డబ్బు మిగిల్చి సోలార్ మీదే నడుపుదాం అనుకుంటే ఏడాదిలో నాలుగైదు నెలలే డేటా, అప్పుడు మీకు అన్ని దిక్కుల నుంచి భూకంపాలు చాలవు. పది స్టేషన్లు ఎండాకాలం మాత్రమే నడిపే బదులు ఆరు స్టేషన్లు రెండు చలికాలాలు నడపండి, నేను దీని మీద చాలా గట్టిగా ఉన్నాను. ఒకవేళ మీకు నోడ్స్ మాత్రమే దొరికితే, అంటే చిన్న బ్యాటరీతో నెల లోపు నడిచేవి, వాటితో మోహో ప్రయత్నించకండి, సముద్రపు అలల నాయిస్ వాడి పై పొరలు చూడ్డానికి బాగుంటాయి.

తేలే ఐసు మీద, అంటే ఐస్ షెల్ఫ్ మీద అయితే రిసీవర్ ఫంక్షన్ మాటే ఎత్తకండి. ఎస్ అల నీళ్ళలో నడవదు, కింద సముద్రం ఉంటే మోహో నుంచి వచ్చిన ఎస్ అక్కడే చచ్చిపోతుంది. వైబ్రోసీస్ కి అదే చోటు స్వర్గం.

విమానం నుంచి గ్రావిటీ, మాగ్నెటిక్స్, రాడార్ ఎగరేస్తే సరిపోదా అంటారు, 2008-09లో గాంబుర్ట్‌సెవ్ మీద రెండు ట్విన్ ఆటర్ విమానాలు తిప్పి అద్భుతమైన మ్యాపు తెచ్చారు, విస్తీర్ణంలో దాన్ని ఏ సీస్మిక్ కొట్టలేదు. కానీ గ్రావిటీకి ఒకే జవాబు ఉండదు, పల్చటి బరువైన క్రస్ట్, మందమైన తేలిక క్రస్ట్ ఒకే అంకె ఇవ్వచ్చు. కింద కొన్ని చోట్ల సీస్మిక్ మేకులు కొడితేనే ఆ మ్యాపు నిలబడుతుంది, అందుకే అదే ప్రాజెక్టులో కింద సీస్మిక్ స్టేషన్లు కూడా పెట్టారు.

హైదరాబాద్ లోనో వైజాగ్ లోనో కూర్చుని పీహెచ్‌డీ మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా వేరే ఉంది. ముందు ఎక్కడికీ వెళ్ళకండి. టామ్‌సీస్, గామ్‌సీస్, పోల్‌నెట్, గ్రీన్‌లాండ్ లో గ్లిస్న్, ఈ సీస్మిక్ నెట్‌వర్కుల డేటా అంతా ఎర్త్‌స్కోప్ ఆర్కైవ్ లో ఉచితంగా ఉంది, ఒకప్పుడు ఐరిస్ అనేవాళ్ళం. అంటార్కిటికాలో మన స్టేషన్ మైత్రి దగ్గర ఎన్‌జీఆర్ఐ 1997 నుంచి సీస్మిక్ అబ్జర్వేటరీ నడుపుతోంది, అది షిర్మాకర్ ఒయాసిస్ లో నేరుగా రాతి మీద ఉంది, పైన చెప్పిన ఐసు గోల ఏదీ ఉండదు. పైగా మన తూర్పు కనుమల రాళ్ళకి తూర్పు అంటార్కిటికా తీరం రాళ్ళకి చుట్టరికం ఉంది, ఒకప్పుడు ఒకే నేల, వైజాగ్ కొండల్లో కనపడే రాయికి చెల్లెలు అక్కడ ఐసు కింద ఎంత దూరం పోయిందో వెతకడం మనకంటే ఎవరికి ఎక్కువ ఆసక్తి ఉండాలి చెప్పండి.

డేటా చూశాక కూడా కొత్త స్టేషన్ కావాల్సిందే అని తేలితే చోటు ఎంచుకునేటప్పుడు మీ ఆదర్శ గ్రిడ్డు పక్కన పెట్టి ఐసులోంచి తల పైకెత్తిన రాతి శిఖరం, నునాటక్, ముప్పై నలభై కిలోమీటర్ల లోపు ఉందేమో చూడండి, ఉంటే అక్కడికే జరపండి, గ్రిడ్డు వంకరైనా పర్లేదు. లేక ఐసు మీదే పెట్టాల్సి వస్తే అక్కడ ఏడాదికి ఎంత మంచు పడుతుందో కనుక్కోండి, లోపల పీఠభూమిలో కొన్ని సెంటీమీటర్లే, పడమటి తీరం దగ్గర మీటరు దాటొచ్చు. జెండా కట్టే వెదురుకర్ర పొడవు ఆ లెక్కకి మూడింతలు తీసుకోండి, ఒక ఏడాది వాతావరణం బాగోక విమానం రాకపోతే ఆ మిగిలిన కర్ర కొసే మీ రెండేళ్ళ డేటా ఎక్కడుందో చూపించేది.